ములుగు వైపు అడవి చెరువులో గాలం వేయాలంటే చోటు ఎట్లా వెతకాలి

యూట్యూబ్‌లో ఫిన్లాండ్ స్ప్రూస్ అడవుల వీడియోలు చూసి, అట్లాంటి చోట ఒక్కరోజైనా గాలం పట్టుకుని కూర్చోవాలని కలలు కనేవాళ్లు మన హన్మకొండలో తక్కువేం లేరు. అంత దూరం పోనక్కర్లేదు. ములుగు దారి పడితే గంటన్నరలో అడవి వస్తుంది, స్ప్రూస్ బదులు టేకు, నల్లమద్ది, ఇప్ప ఉంటాయి, నీళ్లు మాత్రం కావలసినన్ని. ఒక్క తేడా ముందే తెలుసుకోవాలి. ఫిన్లాండ్‌లో మామూలు కర్రకు దారం, గాలం కట్టి వానపాముతో పట్టుకుంటే చాలావరకు లైసెన్స్ అడగరు. మన దగ్గర ప్రతి చెరువుకూ ఒక హక్కుదారు ఉంటారు. అందుకే చేపలెక్కడ ఉన్నాయో తర్వాత చూద్దురు గానీ, ముందు ఆ నీళ్లు ఎవరివో తేల్చుకోండి.

మొదట కొన్ని పేర్లు కొట్టేయండి. పాకాల చెరువు కాకతీయుల కాలంది, చుట్టూ దట్టమైన అడవి, కట్ట మీద నిలబడితే కదలబుద్ధి కాదు, కానీ అది అభయారణ్యం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అక్కడ నడుస్తుంది కాబట్టి చూడటానికి పోండి, గాలం ఇంట్లో పెట్టి పోండి. పైగా అందులో మొసళ్లున్నాయి. ఏటూరునాగారం అభయారణ్యం సంగతీ అంతే, అటు ఆదిలాబాద్ వైపు కవ్వాల్ అయితే 2012 నుంచి పులుల అభయారణ్యం, ఇక చెప్పేదేముంది. లక్నవరంలో వేలాడే వంతెన, పడవలు, ఆదివారం జనం... అక్కడ కూర్చుంటే చేప కంటే సెల్ఫీలు ఎక్కువ పడతాయి.

మనకు కావలసింది అడవి అంచున, ఊరి కింద ఉండే చెరువు. వెంకటాపూర్, గోవిందరావుపేట, పస్రా చుట్టుపక్కల ఇట్లాంటివి ఉన్నాయి. తాడ్వాయి వైపు పోయేకొద్దీ అభయారణ్యం దగ్గరపడుతుంది కాబట్టి అటు జాగ్రత్త.

వెతకడం ఫోన్‌లో కాదు, కంప్యూటర్ ముందు కూర్చుని మొదలుపెట్టండి. గూగుల్ మ్యాప్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి చూస్తే కట్ట ఒక సన్నటి గీతలాగా కనిపిస్తుంది, దాని కింద వరి మళ్లు, పైన నీళ్లు, ఆ నీళ్ల వెనకాల ముదురు ఆకుపచ్చ అడవి. నీళ్లు ఆ ముదురు రంగులోకి వేళ్లలాగా చొచ్చుకుపోయి ఉన్నాయంటే అటు నుంచి వాగు వచ్చి కలుస్తుందన్నమాట, మనం గుర్తు పెట్టుకోవలసింది ఆ మూలనే. తర్వాత గూగుల్ ఎర్త్‌లో పాత ఫోటోలు తీసి ఏప్రిల్, మే నెలల్లో ఆ చెరువు ఎట్లా ఉందో చూడండి, చాలామంది చేయని పని ఇదే. ఎండాకాలంలో అడుగు కనిపించే చెరువైతే అందులో ఆ ఏడు వదిలిన పిల్లలే ఉంటాయి, బురదలో బతికే రకాలు తప్ప పెద్ద చేప దొరకడం కష్టం. మే నెలలో కూడా మధ్యలో నీలంగా మడుగు మిగిలితే అది మంచి చెరువు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసినవి కొన్ని ఇప్పుడు బాగా లోతుగా ఉన్నాయి, ఊళ్లో అడిగితే చెప్తారు.

రెండు మూడు చెరువులు ఎంచుకున్నాక ఒకసారి గాలం లేకుండా ఉత్తగా పోయి రండి. కట్ట దగ్గరి చాయ్ హోటల్లో కూర్చుని "అన్నా, ఈ చెరువు చేపలు ఏ సంఘానివి?" అని అడిగితే చాలు, ముదిరాజ్ సంఘమో గంగపుత్రుల సంఘమో, ఎవరిని కలవాలో వాళ్లే చెప్తారు. చేపపిల్లలు పోసి, కాపలా కాసి, ఎండాకాలంలో వలలు వేసి అమ్ముకునే బతుకు వాళ్లది. అడగకుండా గాలం వేస్తే గొడవ అవుతుంది, అది న్యాయం కూడా. కొందరు ఎంతో కొంత తీసుకుని సరే అంటారు, కొందరు వద్దంటారు. వద్దంటే బతిమాలకండి, ఇంకో చెరువు చూసుకోండి. చెరువు వెనక అడవిలోకి నడవాల్సి వస్తే మాత్రం అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌ను కూడా అడగాలి, సంఘం ఒప్పుకుంటే సరిపోదు.

కాలం విషయానికొస్తే అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. వానల్లో మత్తడి దుంకుతుంటే చూడముచ్చటగా ఉంటుంది గానీ అప్పుడు చేపలు గుడ్లు పెట్టే కాలం, ఎదురెక్కే చేపను పట్టడం ఆ చెరువుకే నష్టం.

నీళ్ల దగ్గరికొచ్చాక తూము పక్కన లోతు ఎక్కువ, బొచ్చ, రవ్వులకు అక్కడ గోధుమపిండి ముద్దతో ప్రయత్నించండి. చిన్న పరకలకు ఎర్రలు చాలు. కొర్రమట్ట కావాలంటే, అదే మన రాష్ట్ర చేప, తామరాకులు ఉన్న పలుచటి నీళ్లలో పొద్దున్నే చూడాలి. దానికి గాలి పీల్చుకోవడానికి పైకి రావాల్సిందే, ఆకుల మధ్య "బుడుంగు" మని చప్పుడై చిన్న సుడి తిరుగుతుంది, రబ్బరు కప్పను ఆ సుడికి కాస్త అవతల వేసి మెల్లగా లాగండి. అట్లా చూస్తున్నప్పుడు ఎక్కడైనా ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా ఒకేసారి పైకి లేచి మునుగుతూ కనిపిస్తే అక్కడ మాత్రం గాలం వేయొద్దు. వాటి కింద కాపలా ఉన్న పెద్దది దగ్గరికొచ్చిన దేన్నైనా కొరుకుతుంది, పట్టడం చాలా సులువు, కానీ అది పోతే మిగతా చేపలు ఆ పిల్లల్ని ఊడ్చేస్తాయి.

ఇంకో మాట, మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలే రోజుల్లో ఎలుగుబంట్లు తెల్లవారుజామున చెట్ల కిందికి వస్తాయి. ఆ నెలల్లో బాగా వెలుగు వచ్చాకే చెరువు వెనక వైపు పోండి, సాయంత్రం చీకటి పడకముందే కట్ట మీదికి వచ్చేయండి. అడవిలో మంట పెట్టొద్దు, చేప అక్కడే కాల్చుకుని తినాలన్న సరదా ఉంటే ఇంటి దగ్గర తీర్చుకోండి, దారిలో ములుగులోనే ఐస్ కొని డబ్బాలో వేసుకుంటే చేప పాడు కాదు. పస్రా దాటాక కొన్నిచోట్ల సిగ్నల్ ఉండదు, కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఏ చెరువుకు పోతున్నారో ఇంట్లో చెప్పి బయల్దేరండి.