డ్రామాలు చూస్తూ కొరియన్ – 4వ పాఠం: శ్శి అంటే గారు కాదు, తప్పు నాదే

ఈ వారం క్రియ చివర వచ్చే ‘యో’ మొదలుపెట్టాలి. పెట్టడం లేదు. పోయిన పాఠంలో తొందరలో రాసేసిన ఒక్క వాక్యం ఎంతమందిని ఇరికించిందో చూశాక, ముందు ఆ ముడి విప్పాల్సిందే అనిపించింది. ఆ వాక్యం ఇది: ‘పేరు పక్కన శ్శి వినిపిస్తే మన గారు అనుకోండి.’

కొరియా వాళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన నా మాట నమ్మి, మర్నాడు పొద్దున్నే మేనేజర్ని ‘కిమ్ శ్శి’ అని పలకరించారట. ఆ మేనేజర్ తలెత్తి ఒక్క క్షణం చూసి, ఇంగ్లీషులో పని చెప్పి పంపేశాడట. ‘గౌరవంగానే పిలిచాను కదా మేడమ్, మొహం ఎందుకలా పెట్టాడు?’ అని ఈయన అడిగారు. మీ మనసులో గౌరవమే ఉంది. ఆయన చెవికి మాత్రం ‘ఏమయ్యా కిమ్మూ’ అన్నట్టు వినబడి ఉంటుంది.

ఇంకో అమ్మాయి హోంవర్కు నోటుబుక్కు ఫొటో తీసి పంపింది. రిప్లై 1988 డ్రామాలో వినబడిన పిలుపులన్నీ వరసగా రాసి, అడుగున ఒక ప్రశ్న: ‘ఆ సందులో డొక్సొన్, డొక్సొనా, డొక్సొనీ అని ముగ్గురు అక్కచెల్లెళ్ళున్నారా?’ నవ్వొచ్చింది గానీ ఆ అమ్మాయి చెవి చాలా మంచిది. ముగ్గురూ ఒకరే. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు శ్శి. మన ‘గారు’కి ఏ దిక్కూ అడ్డు లేదు. కలెక్టర్ గారు, తాతగారు, పక్కింటి సుబ్బారావు గారు, చివరికి కోపమొస్తే కొడుకుని కూడా ‘అయ్యగారు లేచారా’ అంటాం. శ్శి అలా కాదు. సమానుల మధ్య నడుస్తుంది, పైనుంచి కిందికి దిగుతుంది. కిందినుంచి పైకి మాత్రం ఎక్కదు. పూర్తి పేరు తర్వాత వస్తే ఆఫీసు మర్యాద. ఇంటిపేరు వదిలేసి ఉత్త పేరు తర్వాత వస్తే కాస్త చనువు. ఉత్త ఇంటిపేరుకి తగిలిస్తే మాత్రం పనివాణ్ణి కేకేసినట్టుంటుంది. పైగా కొరియాలో 5 మందిలో ఒకరు కిమ్మే కాబట్టి, ‘కిమ్ శ్శి’లో మర్యాద సంగతి అటుంచి మనిషి కూడా మిగలడు.

మరి గారు చేసే పని ఎవరు చేస్తారు? నిమ్. అది సాధారణంగా హోదాకి అంటుకుంటుంది. సొన్సెంగ్‌నిమ్ అంటే మాస్టారు గారు, సాజాంగ్‌నిమ్ అంటే కంపెనీ యజమాని గారు. మీ మేనేజర్ హోదా క్వాజాంగ్ అయితే ‘కిమ్ క్వాజాంగ్‌నిమ్’ అనండి. ఉత్త ‘క్వాజాంగ్‌నిమ్’ ఇంకా నయం. పేరు నోట రాకపోవడమే అక్కడ మర్యాద, మొగుడి పేరు చెప్పమంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న మన అమ్మమ్మల లాగా.

ఇది కళ్ళారా చూడాలంటే మిసెంగ్. 2014లో టీవీఎన్‌లో వచ్చింది, 20 ఎపిసోడ్లు, యూన్ తెహో వెబ్‌టూన్ (ఇంటర్నెట్‌లో వచ్చే బొమ్మల కథ) ఆధారం. కొరియన్ డ్రామాల్లో నా మొదటి ఓటు దీనికే. చెయ్యి పట్టుకునే సీన్లు లేవు, వానలో గొడుగు లేదు. చిన్నప్పట్నుంచీ బాదుక్ (నల్లరాళ్ళు, తెల్లరాళ్ళతో పలక మీద ఆడే ఆట) తప్ప ఇంకేమీ నేర్చుకోని కుర్రాడు, అందులో ప్రొఫెషనల్ కాలేకపోయి, డిగ్రీ కూడా లేకుండా ఒక ట్రేడింగ్ కంపెనీలో ఇంటర్న్‌గా చేరతాడు. పేరు జాంగ్ గురే. ఆఫీసులో పైవాళ్ళు అతన్ని ‘జాంగ్ గురే శ్శి’ అంటారు. అతనితో పాటు చేరిన జాంగ్ బెక్కి కూడా అదే అంటాడు. గురే మాత్రం పైవాళ్ళలో ఒక్కరిని కూడా శ్శి అనడు. క్వాజాంగ్‌నిమ్, దేరినిమ్ (దేరి అంటే క్వాజాంగ్ కింది హోదా), అంతే. పక్కపక్క బల్లల మధ్యే మాట ఒక రూపంలో వెళ్ళి ఇంకో రూపంలో తిరిగొస్తుంది.

నా అడ్డదారి ఒకటి చెబుతాను, ఏ వ్యాకరణ పుస్తకంలోనూ ఉండదు. ఆఫీసు సీన్లో సౌండ్ తీసేసి చూడండి. కూర్చున్నవాడు శ్శి అంటాడు, నిలబడ్డవాడు నిమ్ అంటాడు. ప్రతిసారీ కలవదు గానీ నాకు చాలాసార్లు పనికొచ్చింది.

క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూలో కూడా ఇదే. దక్షిణం నుంచి ఎగిరొచ్చి ఉత్తర కొరియాలో పడ్డ సెరి, తనకి అక్కడ తారసపడ్డ సైనికాధికారిని ‘రి జొంగ్‌హ్యొక్ శ్శి’ అంటుంది. ఆయన కింద పనిచేసే సైనికులు ‘జుంగ్‌దేజాంగ్ దొంగ్జి’ అంటారు, అంటే కంపెనీ కమాండర్ కామ్రేడ్. ఆమె శ్శి అన్న ప్రతిసారీ ‘నేను నీ సైనికురాల్ని కాదు, నీకు సమానం’ అని వినబడాలి మీకు. ఆ సబ్‌టైటిల్లో అది ఏమైపోయిందో మీరే చూసుకోండి.

ఇంతకంటే ముఖ్యమైన మాట మిసెంగ్‌లోనే ఉంది. నేను సబ్‌టైటిళ్ళ మీద నమ్మకం వదిలేసింది అక్కడే. పక్క టీమ్ కుర్రాడు జిగురుతో చేసిన నిర్వాకం వల్ల ఒక పత్రం వెళ్ళకూడని చోటికి వెళుతుంది. తిట్లన్నీ గురేకి పడతాయి. తర్వాత ఒక రాత్రి గురే టీమ్ పెద్ద ఓ క్వాజాంగ్ (‘ఓ’ ఆయన ఇంటిపేరు) బాగా తాగి తూలుతూ, పక్క టీమ్ మేనేజర్ ఎదురైతే గొడవకి దిగుతాడు. మీ వాడు చేసిన పనికి ‘ఉరి ఏ’ తిట్లు తిన్నాడని. ఇంగ్లీషు సబ్‌టైటిల్ చదువుతుంటే ఇదొక తాగుబోతు గొడవ, అంతే. ఉరి అంటే మన ఉరి కాదు, మా, మన అని. ఏ అంటే పిల్లాడు. మొత్తం కలిపితే ‘మా వాడు’. అప్పటిదాకా ఆఫీసులో గురేని ఎవరూ తమవాడు అనుకోలేదు. పొద్దంతా ‘జాంగ్ గురే శ్శి’ అని దూరం పెట్టిన నోటినుంచే, తాగాక ‘మా వాడు’ అని వచ్చింది. కుర్రాడు ఆ మాట దగ్గరే ఆగిపోతాడు. ఇంగ్లీషువాడికి ఇది అర్థం కావాలంటే రెండు పేజీలు రాయాలి. మనకి అక్కర్లేదు, ‘మా వాడండీ’ అని పోలీస్ స్టేషన్ ముందు నిలబడే మేనమామలు మనకి ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మనం ‘నా అమ్మ’ అనం, ‘మా అమ్మ’ అంటాం. కొరియన్లూ అంతే, ఒక్కడే కొడుకైనా ‘ఉరి ఒమ్మా’. అందుకే మధ్యలో ఇంగ్లీషుని తెచ్చుకోవద్దని మొదటి పాఠం నుంచీ మొత్తుకుంటున్నాను.

అలాగని మన మాటని తీసుకెళ్ళి నేరుగా అతికించేస్తే నేను చేసిన ‘గారు’ తప్పే అవుతుంది. మాటకి మాట కాదు, ఎవరు ఎవర్ని ఎటు నుంచి పిలిచారో రాసుకోండి.

ఇప్పుడు డొక్సొన్ అక్కచెల్లెళ్ళు. చిన్నవాళ్ళని, ఈడువాళ్ళని పేరుతో పిలిచేటప్పుడు పేరు హల్లుతో ముగిస్తే ‘ఆ’, అచ్చుతో ముగిస్తే ‘యా’. డొక్సొన్ డొక్సొనా అవుతుంది, ఆమె అక్క బోరా బోరాయా అవుతుంది. బాదుక్ ఆడే థెక్‌ని పిలిస్తే చివరి ‘క్’ మెత్తబడి ‘థెగా’ అని వినబడుతుంది. పిలవకుండా వాళ్ళ గురించి చెప్పుకునేటప్పుడు హల్లు పేర్లకి ఒక ‘ఇ’ చేరి డొక్సొనీ, థెగీ. అంతే. దీన్ని ‘ఒరేయ్’ అనుకోకండి, అందులో ఒరేయ్ అంత మొరటు లేదు. ఆ మొరటు కావాలంటే ఉత్త ‘యా!’ అని అరుపు ఉంది, డొక్సొన్ వాళ్ళింట్లో అక్కచెల్లెళ్ళ పోట్లాటల్లో కావలసినంత దొరుకుతుంది.

అన్నలు, అక్కల మాటలు నాలుగూ మీకు ఈపాటికి తెలిసే ఉంటాయి: మగవాడు అన్నని హ్యొంగ్, అక్కని నూనా అంటాడు. ఆడపిల్ల అన్నని ఒప్పా, అక్కని ఒన్ని అంటుంది. మనం అన్నయ్యనీ అక్కయ్యనీ ఎవరు పిలిచినా ఒకేలా పిలుస్తాం, చిన్నవాళ్ళ దగ్గర తమ్ముడు, చెల్లి అని విడదీస్తాం. వాళ్ళు తిరగేసి చేశారు: పెద్దవాళ్ళ దగ్గర విడదీస్తారు, చిన్నవాళ్ళందరూ కలిపి దొంగ్‌సేంగ్. ఆ దొంగ్‌సేంగ్ అని ఎవర్నీ పిలవరు, పరిచయం చేసేటప్పుడు వాడతారు, అంతే.

ఒప్పా గురించి అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. ప్రేమించినవాణ్ణి అన్నయ్య అనడమేంటి అని. దీనిమీద నాకు ఓపిక తక్కువ. ‘బావా’ అని అనుకుని ముందుకెళ్ళండి, ప్రేమ సీన్ల వరకూ సరిపోతుంది. నాకు నూనాయే ఆసక్తి. 2018లో వచ్చిన సమ్‌థింగ్ ఇన్ ది రెయిన్ అసలు పేరు ‘భోజనం బాగా పెట్టించే అందమైన నూనా’ అని. ఇంగ్లీషు పేరులో వాన తప్ప నూనా లేదు, భోజనమూ లేదు. అదే ఏడాది వచ్చిన మై మిస్టర్ అసలు పేరులో ఉన్న మాట అజొశ్శి, అంటే దాదాపు మన ‘బాబాయ్’. రోడ్డు మీద ఏ నడివయసు మనిషినైనా అనొచ్చు. అందులో కథానాయిక తన ఆఫీసులోని నడివయసు ఆయన్ని హోదాతో ఎప్పుడు పిలుస్తుంది, అజొశ్శి అని ఎప్పుడు అంటుంది, వేరువేరుగా గీత గీసి చూడండి. కథ అంతా ఆ గీత మీదే నడుస్తుంది.

రిప్లై 1988లో కూడా అదే సందులో ఉండే సొన్‌వూ బోరాని నూనా అంటాడు, అక్కడ అడ్డు వచ్చేది వయసు కాదు. ఇద్దరి ఇంటిపేరూ సంగ్, మూలమూ ఒకటే. అలాంటివాళ్ళ పెళ్ళికి అప్పట్లో కొరియా చట్టమే ఒప్పుకునేది కాదు. 1997లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని తప్పన్నది. సగోత్రం అనగానే మొహాలు మాడ్చుకునే ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఆ ఎపిసోడ్లకి సబ్‌టైటిళ్ళు అక్కర్లేదు.

స్క్విడ్ గేమ్ మీరంతా చూసే ఉంటారు, చాలామంది తెలుగు డబ్బింగ్‌లో. దయచేసి అలీ సీన్లు ఒరిజినల్‌లో మళ్ళీ చూడండి. అలీ పాకిస్తాన్ నుంచి వచ్చిన కార్మికుడు (నటించింది మన ఢిల్లీ కుర్రాడు అనుపమ్ త్రిపాఠి). సాంగ్‌వూని సాజాంగ్‌నిమ్ అంటాడు. సాంగ్‌వూ అతని యజమాని కాదు, కానీ అక్కడి ఫ్యాక్టరీల్లో వలస కార్మికులకి ముందు అలవాటయ్యే మాట అదే, మన దగ్గర పనికొచ్చినవాళ్ళు అందర్నీ ‘సేఠ్’ అన్నట్టు. కొన్నాళ్ళకి సాంగ్‌వూ, అలా కాదు, హ్యొంగ్ అనమంటాడు. అన్న అనమన్నాడు, అనగానే అలీ తమ్ముడైపోయాడు. ఆరో ఎపిసోడ్ గోళీల ఆటలో అలీ ఎవర్ని నమ్ముకున్నాడో, ఏ పిలుపుని నమ్ముకున్నాడో అది తెలిసి చూస్తే ఆ రాత్రి అన్నం సహించదు. నాకు సహించలేదు.

జపాన్ గురించి రెండే ముక్కలు, ఎందుకంటే మీలో సగం మంది రెండూ కలిపేస్తున్నారు. అక్కడి సాన్ మన గారుకి కొంచెం దగ్గరే, పైకి కూడా వెళుతుంది. కానీ బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు సొంత బాస్‌కి కూడా తీసేసి ఉత్త ఇంటిపేరు చెబుతారు. హోదాకి ఏ తోకా అక్కర్లేదు, హోదాయే మర్యాద. హన్‌జావా నవోకీ అనే జపాన్ డ్రామాలో ‘ఓవాదా జోము’ అంటే చాలు (జోము బ్యాంకులో ఒక పెద్ద హోదా), కొరియన్‌లో అయితే నిమ్ లేకుండా కుదరదు. ఇంకా పైన సామా ఉంది. వింటర్ సొనాటా జపాన్‌లో ప్రసారమయ్యాక అక్కడి ఆడవాళ్ళు బే యాంగ్‌జున్‌ని ‘యోన్‌సామా’ చేసేశారు, కొరియన్ నటుడికి జపనీస్ కిరీటం. ఒకే కథని రెండు దేశాలూ తీసిన బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్‌లో, 2009 కొరియన్ అమ్మాయి ‘జిహూ సొన్బే’ అంటుంది, సొన్బే అంటే సీనియర్. 2005 జపాన్ అమ్మాయి అదే కుర్రాణ్ణి ‘హనజావా రూయి’ అని హాజరు పిలిచినట్టు పూర్తి పేరుతో అంటుంది. కథ నాకు రెండు చోట్లా నచ్చదు, పాఠానికి మాత్రం ఇంతకంటే మంచి జంట దొరకదు. నచ్చింది అడిగితే మిడ్‌నైట్ డైనర్. రాత్రి 12 నుంచి పొద్దున 7 దాకా తెరిచే హోటల్, దాన్ని నడిపే ఆయన్ని అందరూ ‘మాస్టర్’ అంటారు, పేరేమిటో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని నాకూ లేదు.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఇస్తున్నాను. మిసెంగ్ మొదటి ఎపిసోడ్ మూడుసార్లు చూడాలి. ఒకసారి సబ్‌టైటిళ్ళతో కథ కోసం, రెండోసారి అవి తీసేసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. కాగితం మీద ఒక్కో మనిషికి ఒక చుక్క పెట్టి, ఎవరు ఎవర్ని పిలిస్తే అటు బాణం గీసి, బాణం మీద పిలుపు రాయండి. మూడోసారి సౌండ్ తీసేసి, పెదవులు, నడుములు వంగడం చూసి మీ బాణాలు సరిచూసుకోండి. నాకు మొదటిసారి ఒక ఆదివారం మొత్తం పట్టింది.

కాగితం ఫొటో పంపండి. ఉత్తరం పైన నా పేరు పక్కన శ్శి పెట్టకండి, మాస్టారుకి ఏం తగిలించాలో పైనే రాశాను.