ఘాట్ దిగేముందు: పాత కారు పవర్ స్టీరింగ్ పనిలో ఆ ఒక్క స్క్రూ

పోయిన నెల మా బావ కారు సుంకి ఘాట్‌లో కొండవైపు కాలవలో పడింది. మా అక్కకి మణికట్టు విరిగింది, అంతటితో పోయింది. అదే మలుపు లోయవైపుకి ఉండి ఉంటే ఇవాళ నేను ఇది రాస్తూ కూర్చునేవాణ్ణి కాదు. కారు తెల్ల మెర్సిడెస్ 124, ఆ కంపెనీ 1995లో మన దేశంలో మొదటగా పూనాలో బిగించిన మోడల్. కోరాపుట్ నుంచి సాలూరు దిగుతున్నారు, పొట్టంగి దాటారు, కుడివైపు హెయిర్‌పిన్‌లో స్టీరింగ్ నున్నగా తిరిగింది, మలుపు అయిపోయాక చేయి వదులు చేస్తే స్టీరింగ్ చక్రం వెనక్కి రాలేదు. తిప్పిన చోటే నిలబడిపోయింది. బావ తేరుకుని లాగేలోపు బండి ఎదుటి లేన్ దాటేసింది. ఆ క్షణంలో ఎదురుగా లారీ లేకపోవడం మా అదృష్టం.

అందరూ బ్రేకులన్నారు. నిద్రన్నారు. నేను జయపురంలో బండి కిందికి దూరి చూస్తే స్టీరింగ్ బాక్సు మీద స్క్రూ, దాని లాక్ నట్టు కొత్తగా తిప్పినట్టు మెరుస్తున్నాయి. వారం ముందే బాక్సుకి సీల్ కిట్టు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగుల సెట్టు) వేయించాడట. పని అయ్యాక మేస్త్రీ "లూజు కూడా తీసేశాను, హెయిగలా (ఒడియాలో అయిపోయింది)" అని ఉచితంగా చేసిపెట్టిన ఉపకారం అది.

దసరాకి ఊళ్ళకి దిగడానికి రాయగడ, జయపురం, పర్లాకిమిడి వైపు షెడ్డుల్లోంచి పాత బళ్ళు బయటికి వస్తున్నాయి. స్టాండ్లు లేకుండా బండి కిందికి దూరకండి, బ్యాటరీ వైరు తీయండి లాంటివి నేను చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా ఈ బళ్ళతో కుస్తీ పడుతున్నాను, మనుషుల్ని ముంచింది ఎక్కువగా ఒకే తప్పు. స్టీరింగ్‌లో లూజు ఉందని బాక్సు మీద స్క్రూ బిగించేయడం.

ఆ స్క్రూ చేసే పని

పాత మెర్సిడెస్‌లు, అమెరికన్ బళ్ళు, పవర్ బాక్సు వేయించుకున్న జీపులు, చాలావాటిలో ఉండేది ఉక్కు గుళ్ళ మీద నడిచే బాక్సు. లోపల ఒక మర (మెలికలు కోసిన కడ్డీ), దాని మీద గుళ్ళ వరసలతో ఒక నట్టు, ఆ నట్టు పళ్ళు డ్రాప్ ఆర్మ్ (బాక్సు నుంచి చక్రాల రాడ్లని కదిపే చేయి) షాఫ్టు పళ్ళలో పడి తిప్పుతాయి. పైనున్న స్క్రూ ఆ రెండు పళ్ళ వరసల్నీ దగ్గరికి నెడుతుంది. ఈ పళ్ళని కంపెనీలోనే చక్రాలు నేరుగా ఉన్నచోట కొంచెం బిగువుగా, రెండు పక్కలా కొంచెం వదులుగా కోస్తారు. బండి జీవితమంతా ఎక్కువగా నేరుగానే నడుస్తుంది కాబట్టి అరిగేది నడిమి పళ్ళే. ఇప్పుడు మీరు నడిమి లూజు పోయేదాకా స్క్రూ బిగిస్తే, అరగని పక్క పళ్ళు ఒకదాన్నొకటి నొక్కి పట్టేస్తాయి. విజయనగరం రోడ్డు మీద ఏమీ తెలియదు, అక్కడ మీరు వాడేది నడిమి పళ్ళే. పక్క పళ్ళు పనిలోకి వచ్చేది హెయిర్‌పిన్‌లోనే.

మామూలు స్టీరింగ్ అయితే బిగుసు చేతికి తెలిసిపోతుంది, తిప్పలేక తిట్టుకుంటాం. పవర్ స్టీరింగ్‌లో తెలియదు. తిప్పేటప్పుడు ఆయిల్ ఒత్తిడే మీ తరఫున ఆ బిగుసుతో పోట్లాడుతుంది, మీ వేలికి వెన్నలా ఉంటుంది. చక్రాలు వెనక్కి రావడం మాత్రం పంపు పని కాదు. ముందు చక్రాల వాలు వల్ల అవి వాటంతటవి నేరుగా అవుతాయి, ఆ బలం చిన్నది, బిగిసిన బాక్సుని తిప్పడానికి చాలదు. వెళ్ళేటప్పుడు హాయి, వచ్చేటప్పుడు మొండితనం. మా బావ మోసపోయింది ఇక్కడే, అంతకు ముందురోజు ఊళ్ళో నడిపి "ఎంత సాఫీగా ఉందిరా" అని నాకే ఫోన్ చేశాడు.

కాబట్టి ఆ స్క్రూ ముట్టుకోకండి. ముట్టుకోనివ్వకండి. లూజు ఎక్కడుందో ముందు వెతకండి.

బండిని గుంత మీద పెట్టి, ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, పైన ఒక మనిషి స్టీరింగ్‌ని బెత్తెడు మేర అటూఇటూ కదుపుతుంటే మీరు కిందనుంచి చూడండి. ఇంజిన్ ఆపి చూస్తే చాలా బాక్సుల్లో ఆయిల్ దారి మార్చే వాల్వు కదలిక కూడా లూజులాగే కనబడుతుంది, అది జబ్బు కాదు. డ్రాప్ ఆర్మ్ కదులుతూ ముందు చక్రం కదలకపోతే తప్పు టై రాడ్ ఎండ్లది (చక్రాల రాడ్ల చివరి కీళ్ళు), లేదా ఐడ్లర్ ఆర్మ్ (డ్రాప్ ఆర్మ్‌కి ఎదుటి పక్క చేయి) బుష్‌ది. స్టీరింగ్ రాడ్డు తిరుగుతూ బాక్సే ఊగుతుంటే బిగింపు బోల్టులు, జీపుల్లో అయితే బాక్సు పట్టుకున్నచోట ఛాసిస్ పగులు, టార్చి వేసి చూడండి. స్టీరింగ్ రాడ్డుని బాక్సుకి కలిపే కప్లింగ్ రబ్బరు చితికిపోయి ఉంటుంది ఒక్కోసారి. నేను చూసిన లూజు బళ్ళలో ఎక్కువవాటికి బాక్సు నిర్దోషి. ఇవన్నీ బాగుండి, బాక్సులోకి వెళ్ళే షాఫ్టు తిరుగుతూ డ్రాప్ ఆర్మ్ మాత్రం కదలకపోతే అప్పుడు బాక్సుని అనుమానించండి, అప్పుడు కూడా రాడ్లు ఊడదీసి, బాక్సుని నడిమి స్థానంలో పెట్టి, ఆ మోడల్ మాన్యువల్ చెప్పిన బిగువు కొలుచుకుంటూ, ఎలెన్ కీ అరవీసం తిప్పి, ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పి చూస్తూ. ఎక్కడ కొంచెం పట్టేసినా వెనక్కి తిప్పేయండి. కాస్త లూజుతో బతకొచ్చు.

అంబాసిడర్‌కి ఈ బాక్సు ఉండదు, ర్యాకు (పళ్ళు కోసిన అడ్డ కడ్డీ) ఉంటుంది. అక్కడ కూడా ర్యాకుని నొక్కిపట్టే ప్లగ్గు ఒకటి ఉంటుంది, దాన్ని బిగించి లూజు తీశామనే వీరులు ఉన్నారు. ఫలితం ఇదే.

ఆయిలు, పైపులు

బ్రేక్ ఆయిల్ స్టీరింగ్ డబ్బాలో పోయకండి, అర గ్లాసు కూడా. సీళ్ళు సాధారణంగా నైట్రైల్ రబ్బరు, గ్లైకాల్ బ్రేక్ ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడిపోతాయి, మొన్న వేసిన కిట్టు మొత్తం బూడిదలో పోసిన పన్నీరే. ట్రాక్టరు హైడ్రాలిక్ ఆయిల్ కూడా వద్దు. డబ్బా మూత మీదో మాన్యువల్‌లోనో ఏది రాసుంటే అది.

ప్రెషర్ పైపు సంగతి ఇంకా ఘోరం. కారు టైరులో మనం కొట్టించే గాలి 30 పీఎస్‌ఐ చుట్టూ ఉంటుంది. పాత కార్ల స్టీరింగ్ పంపు చక్రాలు చివరికంటా తిప్పినప్పుడు 1000 పీఎస్‌ఐ దాటిస్తుంది, చాలావాటిలో 70 నుంచి 100 బార్ల దాకా పోతుంది (ఒక బార్ అంటే దాదాపు 14.5 పీఎస్‌ఐ). దానికి రబ్బరు పైపు, రెండు క్లిప్పులు పెట్టి పంపించేవాళ్ళని చూశాను. పగిలితే ఆ ఆయిల్ కాలుతున్న సైలెన్సర్ మేనిఫోల్డ్ మీద పడుతుంది, తర్వాత ఏమవుతుందో చెప్పక్కర్లేదు. జేసీబీ పైపులకి చివర్లు నొక్కి బిగించే (క్రింపు చేసే) షాపులు రాయగడలోనూ, జయపురంలోనూ ఉన్నాయి, పాత పైపు పట్టుకెళ్ళి ఆ చివర్లతోనే చేయించండి. వెనక్కి వచ్చే పైపులో ఒత్తిడి తక్కువ, దానికి క్లిప్పు చాలు, కానీ ఆయిల్ వేడికి తట్టుకునే రకం వేయండి, నీళ్ళ పైపు కాదు.

కారుతోందా అని చేత్తో తడమకండి. సన్న చిల్లులోంచి వచ్చే ఆయిల్ చర్మంలోంచి లోపలికి పోతుంది, పైకి సూది గుచ్చినంతే కనబడుతుంది, లోపల వేలు తీసేయాల్సిన స్థితి వస్తుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

విప్పేటప్పుడు, బిగించేటప్పుడు

డ్రాప్ ఆర్మ్‌కి, షాఫ్టుకి గీత పెట్టాకే విప్పండి. పుల్లర్‌తో లాగండి. సమ్మెట పెట్టి షాఫ్టు మీద కొట్టారంటే ఆ దెబ్బ లోపలి గుళ్ళకీ, బేరింగులకీ తగులుతుంది, తర్వాత చక్రం తిప్పితే గరగరమంటుంది, అప్పుడు మళ్ళీ ఆ స్క్రూ మీద పడతారు.

బాక్సు తెరిస్తే గుళ్ళు రాలతాయి. కింద గుడ్డ పరవండి, లెక్కపెట్టండి. ఒకటి పోయిందని సైకిల్ షాపు గుండు వేసి బిగించిన ఘనుడు మా ఊళ్ళోనే ఉన్నాడు. గుళ్ళన్నీ ఒకే కొలతవి ఒకే సెట్టుగా ఉండాలి. 'సాగినా' (Saginaw) అనే అమెరికన్ తయారీ బాక్సులు కొన్నిటిలో నల్లవీ తెల్లవీ ఒకటి విడిచి ఒకటి ఉంటాయి, నల్లవి వెంట్రుకవాసి చిన్నవి, కలిపేస్తే పట్టేస్తుంది.

షాఫ్టు మీద తుప్పు గుంటలుంటే కొత్త సీలు నెల కూడా ఉండదు. ముందు షాఫ్టు సంగతి చూడండి, లేతు షాపులో స్లీవ్ (సన్న లోహపు తొడుగు) వేయించండి. సీలు ఎక్కించేటప్పుడు షాఫ్టు గాళ్ళ మీద టేపు చుట్టండి, లేకపోతే సీలు పెదవి తెగుతుంది.

ఇక మిగిలినవి గుర్తొచ్చిన వరసలో రాస్తున్నాను, గ్రూపులు చేసే ఓపిక నాకు లేదు:

- పాత పంపు అరిగి చచ్చిపోయి ఉంటే ఆ ఇనప పొడి పైపుల్లో, బాక్సులో, డబ్బాలో ఉంటుంది. అన్నీ కడిగి కొత్త పంపు పెట్టండి. లేకపోతే కొత్త పంపు కూడా అదే దారి పడుతుంది.
- పంపు వేన్లు (లోపల తిరిగే చిన్న పలకలు) తీస్తే గుండ్రటి అంచు బయటి రింగు వైపుకే.
- పంపు పుల్లీని సుత్తితో కొట్టి తీయకండి.
- పాత రాగి వాషర్లు మళ్ళీ వేయకండి. పాత నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉన్నవి) మళ్ళీ వేయకండి.
- స్ప్లిట్ పిన్ లేని టై రాడ్ ఎండు ఒక్కటి కూడా బయటికి వెళ్ళకూడదు. తర్వాత వేస్తానంటే ఆ బండి వాడి గేటు దాటకూడదు.
- ఆయిల్‌లోంచి గాలి తీసేటప్పుడు ముందు చక్రాలు లేపి, ఇంజిన్ ఆపి, చివరినుంచి చివరికి మెల్లగా ఇరవైసార్లు తిప్పండి, డబ్బా నింపుతూ ఉండండి. బుడగలు ఆగాకే స్టార్ట్. వట్టి పంపు తిరిగితే గీతలు పడతాయి.
- చివరికంటా తిప్పి అయిదు సెకన్లు మించి పట్టుకోకండి.
- పంపుని తిప్పే బెల్టు లూజుంటే వానలో నీళ్ళు చిమ్మినప్పుడు జారుతుంది, స్టీరింగ్ ఒక్కసారిగా బండరాయవుతుంది. కొత్త బెల్టు వేయండి, వంద కిలోమీటర్ల తర్వాత మళ్ళీ బిగించండి.
- "లూజు తీశాను" అని ఎవడైనా అంటే ఎలా తీశావని అడగండి. "స్క్రూ" అంటే కింద దూరి వెనక్కి తిప్పించండి.
- టై రాడ్ ఎండ్లు మారిస్తే అలైన్‌మెంట్ చేయించండి. అదే రోజు.
- డీజిల్ మిగుల్తుందని ఘాట్‌లో ఇంజిన్ ఆపి దిగకండి. పంపు ఉండదు, బ్రేక్ బూస్టరు ఉండదు, తాళం తీశారంటే స్టీరింగ్ లాక్ పడుతుంది.
- లాక్ నట్టు మీద పెయింటుతో ఒక గీత పెట్టుకోండి, స్క్రూ మీదుగా. గ్యారేజీ నుంచి బండి వచ్చినప్పుడు గీత విరిగి ఉంటే వాళ్ళు ముట్టుకున్నట్టే.
- ఎన్నిసార్లైనా చెబుతాను, స్క్రూ జోలికి వెళ్ళొద్దు.
- పని అయ్యాక నేరుగా ఘాట్‌కి పోకండి. ఖాళీ మైదానంలో, నడక వేగంలో ఒక పక్కకి సగం తిప్పి చేతులు వదలండి. చక్రం తనంతట తాను దాదాపు నేరుగా రావాలి. రెండో పక్క కూడా. రాలేదా, ఆ బండి ఆ రోజు ఇంటికి కూడా నడపకండి, లాక్కెళ్ళండి. మా బావ కారు ఇప్పుడు బాగయింది, కానీ ఈ పరీక్ష నేను చేసేదాకా తాళాలు నా జేబులోనే ఉన్నాయి, అక్కే ఇచ్చింది.