టీమ్‌లో ఒకరిని పక్కన పెడుతుంటే టీమ్ లీడ్ ఏం చేయాలి?

ఎవరూ తిట్టరు, గొడవ పడరు. లంచ్‌కి పిలవరు, వాట్సాప్ గ్రూపులో చేర్చరు, టీ దగ్గర తేలిన నిర్ణయం చెప్పరు, అంతే. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. మనస్తత్వవేత్త కిప్లింగ్ విలియమ్స్ బృందం కంప్యూటర్‌లో ఆడే ఓ బంతాటతో ప్రయోగాలు చేసింది. ముక్కూమొహం తెలియని ఆటగాళ్లు కాసేపు బంతి వేయకపోతేనే జనం నొచ్చుకున్నారు. మరి రోజూ పక్క సీట్లో కూర్చునేవాళ్లే అలా చేస్తే?

1. ముందు మార్పును గమనించండి. ఒకప్పుడు మీటింగ్‌లో ప్రశ్నలు వేసిన మనిషి ఇప్పుడు "ఓకే" అని ఊరుకుంటున్నారా? పనిలో మనసు పెట్టాలంటే, నోరు విప్పితే తనకేమీ కాదన్న భరోసా కూడా కావాలని ఉద్యోగుల మనస్తత్వంపై పరిశోధన చేసిన విలియం కాన్ 1990లోనే రాశారు. అది పోయినవాళ్లు తప్పు కనిపించినా చెప్పరు. దాన్ని బద్ధకం అనుకుని అప్రైజల్‌లో రేటింగ్ తగ్గించడం అన్యాయం.

2. విడిగా మాట్లాడండి. "మిమ్మల్ని దూరం పెడుతున్నారా?" అంటే చాలామంది "అదేం లేదండీ" అనేస్తారు. "పనిలో వచ్చిన ఈ మార్పు సంగతి మీకెప్పుడు తెలిసింది, ఎవరు చెప్పారు?" అని అడగండి. టీమ్ అందరి ముందు పంచాయితీ మాత్రం పెట్టొద్దు.

3. సమాచారం అందరికీ అందేలా చూడండి. స్నేహం చేయమని ఆర్డర్ వేయలేం. కానీ సమాచారం పంచుకోవడం ఉద్యోగంలో భాగం. టీ దగ్గర ఏది తేలినా అదే రోజు టీమ్ ఛానెల్‌లో రాయాలి. ఇద్దరు కలిసి చేసే పనులకు జతలు మీరే వేయండి, అప్పుడప్పుడూ మార్చండి. హైదరాబాద్ ఆఫీసుల్లో ఒడిశా నుంచో బెంగాల్ నుంచో వచ్చినవాళ్లు ఉండగానే చర్చ తెలుగులోకి జారిపోతుంటుంది. కావాలని చేయకపోయినా వాళ్లు బయటివాళ్లైపోతారు. అందరికీ వచ్చిన భాషలోకి మీరే ముందు మారండి. ఇంటిపేరు, ఊరు ఆరా తీసి కులాన్ని బట్టి లంచ్ గ్యాంగులు కడుతుంటే మాత్రం చూసీచూడనట్టు వదలకండి. ఇక్కడ ఆ ఆరాలు వద్దని నేరుగా చెప్పండి.

4. కొన్ని వారాలైనా మార్పు లేకపోతే, ఏ తేదీన ఏం జరిగిందో రాసి హెచ్‌ఆర్‌కి ఇవ్వండి. ఒక మహిళ ఎవరి అసభ్య ప్రవర్తనకో అడ్డు చెప్పాక ఇది మొదలైతే, మీరు రాజీ కుదర్చకండి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను ఆపేందుకు తెచ్చిన 2013 చట్టం ప్రకారం, అలాంటి ఫిర్యాదులు విచారించే ఆఫీసు ఇంటర్నల్ కమిటీకి ఆమె రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. మామూలుగా 3 నెలల గడువు ఉంటుంది, ఆ సంగతి ఆమెకు వెంటనే చెప్పండి.