ఒలింపిక్ డ్యామ్ నిక్షేపం కింది భూపటలాన్ని పరిశీలించే విధానం

దక్షిణ ఆస్ట్రేలియాలో 1975లో కనుగొన్న ఒలింపిక్ డ్యామ్ రాగి, యురేనియం నిక్షేపాన్ని 300 మీటర్లకు పైగా అవక్షేప శిలలు కప్పి ఉన్నందున, ముందుగా గురుత్వ, అయస్కాంత పటాలను ఒకదానిపై ఒకటి ఉంచి, రెండింటిలోనూ అసాధారణత కనిపించే చోటును గుర్తించాలి. ఒకే కొలతకు భూగర్భం గురించిన అనేక నమూనాలు సరిపోతాయి కనుక వీటితోనే లోతును నిర్ధారించరాదు.

లోతును తెలుసుకోవడానికి మాగ్నెటోటెల్యూరిక్ కొలతలే (నేలపై సహజ విద్యుత్, అయస్కాంత క్షేత్రాల మార్పులను కొలిచి భూగర్భ విద్యుద్వాహకతను తెలుసుకునే పద్ధతి) కీలకమని నా అభిప్రాయం. పౌనఃపున్యం తగ్గేకొద్దీ సంకేతం మరింత లోతుకు చొచ్చుకుపోతుంది కాబట్టి, భూపటలపు దిగువ భాగాన్ని (దిగువ పటలాన్ని) చూడాలంటే పరికరాలను విద్యుత్ తీగలకు దూరంగా, తగినంత కాలం నేలలో ఉంచాలి. దిగువ పటలం నుంచి నిక్షేపం వైపు లేచే విద్యుద్వాహక మండలం ఇక్కడ ఈ పద్ధతితోనే బయటపడింది. దానిని భూకంప తరంగ ప్రతిఫలన చిత్రంతో, అంటే నేలలోకి పంపిన కంపనాలు శిలల నుంచి తిరిగి వచ్చే తీరుతో గీసిన చిత్రంతో, తప్పక పోల్చాలి. అదే చోట ప్రతిఫలనాలు మసకబారితే, అది నిక్షేపాన్ని ఏర్పరచిన పురాతన ద్రవాలు పైకి పయనించిన మార్గమనే వాదన బలపడుతుంది.