చైనాలో అడుగుపెట్టే పాశ్చాత్య కంపెనీ అక్కడి వ్యాపార పద్ధతిని ఎలా అర్థం చేసుకోవాలి?

2003లో అమెరికా ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీ ఈబే, చైనాలో అదే పని చేసే ఈచ్‌నెట్ అనే సైటును పూర్తిగా కొనేసింది. డబ్బుంది, పేరుంది, అనుభవం ఉంది. అదే ఏడాది చైనా కంపెనీ అలీబాబా వాళ్లు పోటీగా తావ్‌బావ్ అనే సైటు మొదలుపెట్టారు. 2006 చివరికల్లా ఈబే తన చైనా సైటు మూసేసింది. తావ్‌బావ్ అమ్మకందారుల దగ్గర ఫీజు తీసుకోకపోవడం పెద్ద కారణమే, కానీ నాకు ఆసక్తిగా అనిపించేది ఇంకొకటి: అక్కడ కొనేవాడు అమ్మేవాడితో చాట్‌లో మాట్లాడొచ్చు, బేరమాడొచ్చు, సరుకు చేతికొచ్చేదాకా డబ్బు అలీబాబా వాళ్ల చెల్లింపుల సేవ అలీపే దగ్గరే ఆగుతుంది. ముక్కూమొహం తెలియనివాడికి డబ్బిచ్చే ముందు నాలుగు మాటలు మాట్లాడి చూడాలనుకునే జనం నాడి తావ్‌బావ్‌కి దొరికింది.

అమెరికా, యూరప్ కంపెనీల తరఫున చైనా వాళ్లతో కాల్స్‌లో కూర్చునే తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు, వాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నా. ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను, షెన్‌జెన్‌లో స్టార్టప్ నడిపే కుర్రాడూ, ప్రభుత్వ కంపెనీలో పెద్ద డైరెక్టరూ ఒకేలా ఉండరు. కింద రాసినవి రెండోవాళ్ల దగ్గర ఎక్కువ పనిచేస్తాయి.

1. ముందు మధ్యమనిషిని వెతకండి

తెలియని కంపెనీకి ఈమెయిల్ కొట్టి కూర్చుంటే జవాబు రాకపోవచ్చు. ఇద్దరికీ తెలిసినవాడు ఒకడు పరిచయం చేస్తే తలుపు తెరుచుకుంటుంది. ఇలా పరిచయాలు, సాయాల మీద నడిచే సంబంధాల్నే గ్వాన్‌షీ అంటారు. పాశ్చాత్యులు దీన్ని లంచానికి మర్యాదపేరు అనుకుంటారు, లేదంటే నెట్‌వర్కింగ్ అని తేల్చేస్తారు. మనకైతే ఇంత వివరణ అక్కర్లేదు, పెళ్లిలో చదివింపులు నోట్‌బుక్‌లో రాసిపెట్టుకుని వాళ్లింట్లో పెళ్లయినప్పుడు తిరిగి చదివించే జనం కదా మనం. అక్కడా అంతే, ఎవరు ఎవరికి ఎప్పుడు సాయపడ్డారో మనసులో లెక్క ఉంటుంది. పరిచయమయ్యాక సంభాషణ ఈమెయిల్‌లో కన్నా వీచాట్‌లోనే ఎక్కువ నడుస్తుంది, కాబట్టి ఆ యాప్ వేసుకోండి.

2. మీటింగ్‌లో ఏదో తేలిపోతుందని ఆశపడకండి

పాశ్చాత్య కంపెనీలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. వాళ్ల లెక్కలో మీటింగ్ అంటే వాదించుకుని ఒక నిర్ణయానికి రావడం. చైనాలో అసలు మాటలు చాలావరకు ముందే, విడివిడిగా అయిపోయి ఉంటాయి, మీటింగ్‌లో కనిపించేది దాని పైపై రూపమే. అవతలి నుంచి పెద్దాయన వస్తుంటే మీవైపు నుంచీ ఆ హోదా ఉన్నవాళ్లే వెళ్లాలి. విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇచ్చి, రెండు చేతులతో తీసుకుని, ఒక్క క్షణం చదివి బల్లమీద పెట్టుకోండి. పేరులో ఇంటిపేరు ముందు వస్తుంది, అది మనకి అలవాటే.

అందరి ముందూ ఎవరి తప్పూ ఎత్తిచూపకండి. మ్యెన్‌జీ అంటే మాటకి మాట ముఖం, అసలర్థం పరువు. సప్లయర్ మేనేజర్ లెక్క తప్పు చెప్పాడనుకోండి, వాళ్ల బాస్‌ని కాపీలో పెట్టి ఈమెయిల్ రాస్తే మీరు చెప్పింది నిజమే అయినా ఆ మనిషిని పోగొట్టుకున్నట్టే. సాయంత్రం విడిగా మెసేజ్ పెట్టి ‘ఇక్కడ నాకు సరిగా అర్థం కాలేదు, ఒకసారి చూస్తారా’ అని అడగండి.

3. ‘కాదు’ అనకుండా కాదన్నది వినండి

‘కాస్త పరిశీలిస్తాం’, ‘కొంచెం కష్టం కావచ్చు’ అన్నారంటే చాలాసార్లు అది కుదరదనే. అమెరికా మేనేజరు దాన్ని నోట్ చేసుకుని వచ్చే వారం ఫాలోఅప్ కాల్ పెట్టుకుంటాడు! మన దగ్గర అప్పు అడిగినప్పుడు ‘చూద్దాంలెండి’ అంటే ఏమిటో మనకి తెలుసుగా. అనుమానం ఉంటే సూటిగా నిలదీయకుండా మధ్యమనిషిని కనుక్కోమనండి.

4. భోజనానికి పిలిస్తే వెళ్లండి

సాధారణంగా తలుపుకి ఎదురుగా కూర్చునేది ఆతిథ్యమిచ్చే పెద్దాయన, ముఖ్య అతిథి ఆయనకి కుడిపక్కన. మీ కుర్చీ మీరే ఎంచుకోకండి, చూపిస్తారు. బైజియు చాలా గాఢమైన మద్యం, ‘గన్‌బే’ అంటే గ్లాసు ఖాళీ చేయమని. పెద్దవాళ్ల గ్లాసుకి తగిలించేటప్పుడు మీ గ్లాసు అంచు కాస్త కిందికి ఉంచడం మర్యాద. తాగనివాళ్లు మొదటి రౌండ్‌కి ముందే ఆరోగ్య కారణం చెప్పి టీతో సరిపెట్టుకోవచ్చు, మధ్యలో మానేస్తేనే ఇబ్బంది.

5. కాగితం కన్నా ముద్ర ఎవరి దగ్గరుందో చూడండి

అన్నిట్లోకీ ఖరీదైన పాఠం ఇదే. చైనాలో కంపెనీని చట్టపరంగా కట్టిపడేసేది ఎర్రటి గుండ్రని ముద్ర. సంతకం ఒక్కటే చూసుకుని ఊరుకోకూడదు. బ్రిటిష్ చిప్ డిజైన్ కంపెనీ ఆర్మ్‌కి చైనాలో ఒక జాయింట్ వెంచర్ (అక్కడివాళ్లతో కలిసి పెట్టిన కంపెనీ) ఉండేది, 2020లో దాని బోర్డు సీఈఓని తీసేస్తూ ఓటేసింది. ముద్ర మాత్రం ఆయన దగ్గరే ఉంది. ఆయన కదల్లేదు, వ్యవహారం 2022 దాకా సాగింది. కాబట్టి ముద్ర ఏ బీరువాలో ఉంటుంది, తాళం ఎవరిది, చట్టపరమైన ప్రతినిధిగా ఎవరి పేరు నమోదైంది అన్నది మొదటి రోజే తేల్చుకోండి.

ట్రేడ్‌మార్క్ కూడా వెళ్లకముందే రిజిస్టర్ చేయించండి, అక్కడ ప్రధానంగా ముందు దరఖాస్తు చేసినవాడిదే హక్కు. ఇక కాంట్రాక్టు చైనీస్ ప్రతిని మీ సొంత లాయరుతో చదివించాలి. సంతకాలు అయ్యాక కూడా, పరిస్థితి మారిందంటూ ధర మళ్లీ మాట్లాడదామని అడగొచ్చు. మోసం అని మండిపడే ముందు ఏం మారిందో అడగండి, ఒక్కోసారి కారణం నిజంగానే ఉంటుంది.

6. చిన్న చిన్నవి

గోడ గడియారం బహుమతిగా ఇవ్వకండి, చైనీస్‌లో ఆ మాట చావు దగ్గర ఉండి సాగనంపడం అన్నట్టు వినిపిస్తుంది. నాలుగు అంకె కూడా పలకడానికి చావు మాటకి దగ్గర. ప్రభుత్వ అధికారికి, ప్రభుత్వ కంపెనీ మనిషికి ఖరీదైనదేదీ ఇవ్వొద్దు, అమెరికా కంపెనీలకి 1977 నాటి విదేశీ లంచాల చట్టం వర్తిస్తుంది, చైనాలోనూ 2012 డిసెంబరు నుంచి అధికారుల విందులూ వినోదాల మీద కట్టుబాట్లు బిగించారు. మీ ఊరి మిఠాయి డబ్బా చాలు. తీసుకున్నవాళ్లు మీ ఎదుట విప్పకపోతే నచ్చలేదనుకోవద్దు.

చైనా కొత్త సంవత్సరం జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వస్తుంది. కార్మికులు ఊళ్లకి వెళ్లిపోతారు, కొన్ని ఫ్యాక్టరీలు తేరుకోవడానికి నెల కూడా పడుతుంది. మార్చిలో సరుకు కావాలంటే ఆర్డరు సంగతి నవంబరులోనే మాట్లాడుకోండి.