కడుపుబ్బరం తగ్గడం లేదా? ముందు గోళీల కవర్ బయట పెట్టండి

హన్మకొండలో తిండి గురించి సలహాలు చెప్పడం నా పని. వచ్చేవాళ్లలో ఎక్కువమందిది ఒకటే బాధ: తిన్న గంటకే పొట్ట బిర్రుగా అవుతుంది, తేన్పులు ఆగవు, విరేచనం ఒకరోజు గట్టిగా, ఒకరోజు పల్చగా. అప్పటికే స్కానింగ్ అయిపోయి ఉంటుంది, ఎండోస్కోపీ కూడా. వీడియోలు చూసి ప్రోబయోటిక్ పొడులు, అంటే మంచి బ్యాక్టీరియా ఉండే పొడులు, కొని ఉంటారు. ఏం తింటున్నారు, ఏం మింగుతున్నారు అన్న రెండూ మాత్రం ఎవరూ కూర్చుని చూసుకుని ఉండరు. దయచేసి ముందు ఆ పని చేయండి. మూడు రోజులు తిన్నదీ తాగినదీ, టీలతో సహా, రాయండి. ఇంట్లో వాడే గోళీలన్నీ ఒక కవర్లో వేసి తెచ్చుకోండి. డాక్టర్ రాసిన చీటీ ఒక్కటే సరిపోదు.

లక్షణం: విరేచనం గట్టిగా, రోజు విడిచి రోజు

కారణం చాలాసార్లు పీచు తక్కువ కావడమే. పొద్దున టిఫిన్, మధ్యాహ్నం పాలిష్ బియ్యం అన్నం, పచ్చిపులుసు, రాత్రి మళ్లీ అన్నం, తొక్కు. ఇందులో పేగు బ్యాక్టీరియాకు తిండి లేదు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో ఉండేది సుమారు 3 గ్రాములు, అదే జొన్నల్లో సుమారు 10. మన పేగుల్లో దాదాపు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని అంచనా. మనం అరిగించుకోలేని పీచును అవి పులియబెట్టి బ్యూటిరేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాలను తయారు చేస్తాయి. పెద్దపేగు గోడలోని కణాలకు ముఖ్యమైన ఇంధనం బ్యూటిరేటే. పీచు దొరకనప్పుడు కొన్ని బ్యాక్టీరియా పేగు గోడను కాపాడే జిగురు పొరను తినడం మొదలుపెడతాయని ఎలుకల మీద ప్రయోగాల్లో తేలింది.

సరిచేయడానికి కొత్త సరుకేమీ కొననక్కర్లేదు. రాత్రి అన్నం బదులు జొన్న రొట్టె, లేదంటే గటక. పప్పులో గంగవాయిలి కూరో, తోటకూరో వేయండి. వారంలో రెండుసార్లు బొబ్బర్లు, గోకరకాయ. నీళ్లు సరిపడా తాగండి.

లక్షణం: జొన్న రొట్టె మొదలుపెట్టాక ఉబ్బరం ఇంకా పెరిగింది

ఒక్కసారిగా పెంచారు, అంతే. ఏళ్లుగా పీచు చూడని బ్యాక్టీరియా ముందు ఒకేరోజు ఉలవలు, మొలకలు, నాలుగు రొట్టెలు పెడితే గ్యాస్ పుడుతుంది. "రొట్టె నాకు పడదు" అని మానేయకండి. సగం రొట్టెతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల మీద పెంచండి. బొబ్బర్లు, ఉలవలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండితే గ్యాస్ పుట్టించే చక్కెరలు కొంత పోతాయి.

లక్షణం: టీ తాగిన ప్రతిసారీ కడుపులో గడబిడ

పాలలోని లాక్టోజ్. వయసు పెరిగేకొద్దీ దాన్ని అరిగించే ఎంజైమ్ మనలో చాలామందికి తగ్గుతుంది. రెండు వారాలు పాలూ, పాల టీ మానేసి చూడండి, తెలిసిపోతుంది. పెరుగు, సల్ల చాలామందికి పడతాయి, ఎందుకంటే లాక్టోజ్‌లో కొంత భాగాన్ని పెరుగులోని బ్యాక్టీరియానే తినేస్తుంది.

అన్నీ మార్చినా తగ్గని ఉబ్బరం

ఇది నన్ను చాలాసార్లు తిప్పలు పెట్టింది. తిండి బాగుంది, రొట్టె తింటున్నారు, ఆకుకూరలు తింటున్నారు, పాలు మానేశారు, అయినా తిన్న అరగంటకే పొట్ట ఉబ్బుతుంది. "ఏమేం మందులు వాడుతున్నారు?" అంటే బీపీది, షుగర్‌ది అని రెండు పేర్లు చెప్తారు. కవర్ తెమ్మని బల్ల మీద కుమ్మరిస్తే మూడోది బయట పడుతుంది. పేరు చిరిగిపోయి, సగం ఖాళీ అయిన రేకు. పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఒమెప్రజోల్, వీటిలో ఏదో ఒకటి. నర్సంపేట నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ "గ్యాస్ గోళి గూడ మందేనా మేడం? అది రోజు పొద్దుగాల ఏసుకునేదే గదా" అంది. ఎప్పుడో మోకాళ్ల నొప్పుల గోళీలతో పాటు పది రోజులకు రాసిచ్చింది. ఆ రేకు చూపించి మందుల షాపులో అడిగితే ఇస్తూనే ఉన్నారు, ఆమె వేసుకుంటూనే ఉంది. నొప్పి గోళీలు ఎప్పుడో మానేసింది, ఇది మాత్రం మిగిలింది.

ఈ గోళి పని కడుపులో ఆమ్లాన్ని తగ్గించడం. గ్యాస్ ఎక్కువగా పుట్టేది కడుపులో కాదు, కింద పేగుల్లో, బ్యాక్టీరియా తిండిని పులియబెట్టినప్పుడు. అంటే బాధ ఒకచోట, మందు ఇంకోచోట. పైగా ఆ ఆమ్లం నోటి నుంచి, తిండి నుంచి లోపలికి వచ్చే బ్యాక్టీరియాను చంపే కాపలా. ఏళ్ల తరబడి దాన్ని అణచిపెడితే చావాల్సినవి బతికి పేగుల్లోకి దిగుతాయి. నెదర్లాండ్స్ పరిశోధకులు 1,815 మంది మల నమూనాలు పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఈ మందులు వాడేవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు తగ్గాయి, నోట్లో ఉండాల్సినవి ఎక్కువగా కనిపించాయి. కొందరిలో చిన్నపేగులోనే బ్యాక్టీరియా పెరిగి, తిండి పెద్దపేగు దాకా చేరకముందే పులియడం మొదలవుతుంది. అందుకే తిన్న కాసేపటికే ఆ ఉబ్బరం. అది తగ్గాలని మళ్లీ అదే గోళి వేసుకుంటారు.

మానేద్దామని చూస్తే ఇంకో చిక్కు. రెండు మూడు రోజుల్లో గుండెల్లో మంట లేస్తుంది. "చూశారా, ఇది లేకపోతే నేను ఉండలేను" అంటారు. 2009లో డెన్మార్క్‌లో ఏ బాధా లేని 120 మందిలో కొందరికి ఎనిమిది వారాలు ఇలాంటి మందు ఇచ్చి ఆపేశారు. ఆ తర్వాతి వారాల్లో వాళ్లలో 44 శాతం మందికి మంట, పుల్లటి తేన్పులు లాంటివి వచ్చాయి. ఉత్తుత్తి గోళి వేసుకున్నవాళ్లలో అది 15 శాతమే. ఇన్నాళ్లు అణచిపెట్టిన ఆమ్లం ఒక్కసారి ఎగదన్నుతుంది. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

ఇక సరిచేసే పద్ధతి. ముందు ఆ గోళి ఎందుకు రాశారో కనుక్కోండి. స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్లు, కడుపులో పుండు పడి రక్తం పోయినవాళ్లు, నొప్పి గోళీలు ఇంకా వాడుతున్నవాళ్లు దాన్ని మానొద్దు. వాళ్లకు అది అవసరమే. మిగతావాళ్లు కవర్ తీసుకుని రాసిన డాక్టర్ దగ్గరికే వెళ్లి "ఇది ఇంకా కావాలా?" అని అడగండి. అక్కర్లేదంటే ఆయన చెప్పినట్టు డోసు తగ్గించుకుంటూ, తర్వాత రోజు విడిచి రోజు వేసుకుంటూ మానొచ్చు. ఆ వారాల్లో రాత్రి భోజనం పడుకునే మూడు గంటల ముందే అయిపోవాలి. కారం, నూనె సగానికి తగ్గించండి. పరగడుపున టీ వద్దు. ఏళ్లుగా వాడినవాళ్లు విటమిన్ బి12 పరీక్ష ఒకసారి చేయించుకోండి, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ కూడా వాడుతుంటే తప్పకుండా. ఆ రెండూ బి12ను తగ్గిస్తాయి.

మంట సర్దుకున్నాక పీచు మెల్లగా పెంచండి. రోజూ గ్లాసు సల్ల, పులియబెట్టిన జొన్న అంబలి కలపండి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2021లో ప్రచురించిన అధ్యయనంలో పది వారాలు పులిసిన పదార్థాలు తిన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, ఒంట్లో వాపును సూచించే గుర్తులు తగ్గాయి.

మిగతావి

జలుబుకు, వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ వేసుకున్నాక విరేచనాలు పట్టుకుంటే కారణం ఆ యాంటీబయాటికే. జలుబుకు అది పనిచేయదు, అడిగి రాయించుకోకండి. డాక్టర్ అవసరమని రాస్తే మాత్రం పూర్తిగా వాడండి. మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టిన కొత్తలో విరేచనాలైతే తిండితో పాటు వేసుకోండి, తగ్గకపోతే నెమ్మదిగా కరిగే రకానికి మార్చమని అడగండి. గోధుమ పడకపోవడం, థైరాయిడ్, నులిపురుగులు, ఇవీ కారణం కావొచ్చు, ఎక్కువగా మామూలు పరీక్షల్లో దొరికిపోతాయి. వేల రూపాయలు పోసి చేయించే పేగు బ్యాక్టీరియా పరీక్షలు వద్దు. ఆ రిపోర్టు చూసి మార్చగలిగే వైద్యం ఇప్పటికైతే దాదాపు లేదు.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్ర లేపే కడుపునొప్పి, రక్తహీనత, యాభై దాటాక కొత్తగా మొదలైన మార్పు, వీటిలో ఏది ఉన్నా పైన రాసినవేవీ ప్రయత్నించకుండా ఈ వారంలోనే గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లండి. గోళీల కవర్ వెంట తీసుకెళ్లండి.