727 కాక్‌పిట్‌లో ప్యానెల్ దీపాలు మసకగా వెలుగుతుంటే

సమస్య: పాత బోయింగ్ 727 విమానం ముక్కు భాగం కోసి తెచ్చిన కాక్‌పిట్‌కు (పైలట్లు కూర్చునే గది) కొత్త రంగు కొట్టి, కరెంటు ఇచ్చారు. దీపాలు వెలిగాయి గానీ మసక. పక్క ప్యానెల్ స్విచ్ వేస్తే ఇవి ఇంకా తగ్గుతున్నాయి. ఆఫ్‌లో ఉండాల్సిన హెచ్చరిక దీపమొకటి సన్నగా మిణుకుతోంది.

మొత్తం చీకటైతే కథ వేరు. ముందు సర్క్యూట్ బ్రేకర్లు చూడండి. విమానం విప్పేవాళ్లు వాటిని లాగేసి, మళ్లీ లోపలికి పోకుండా కాలర్ (చిన్న అడ్డు రింగు) తగిలించి వదిలేస్తారు. కాలర్ తీసి నొక్కితే తీరిపోయే పనికి వైరింగంతా విప్పి కూర్చునేవాళ్లకు కొదవ లేదు.

కారణం: మసకైతే బల్బుల జోలికి పోకండి, గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే దారి) చూడండి. విమానంలో కరెంటు తిరిగి వెళ్లేది చాలావరకు అల్యూమినియం బాడీ మీదుగానే. మీరు ప్యానెళ్లకూ ఫ్రేముకూ కొత్త బూడిద రంగు కొట్టారు కదా, ఆ దారి అక్కడే మూసుకుపోయింది. రంగు లేనిచోట ఆక్సైడ్ పొర ఉంటుంది, అదీ అడ్డమే. నేరుగా పోలేని కరెంటు పక్క సర్క్యూట్ బల్బుల్లోంచి దూరిపోతుంది. ఆ మిణుకు అదే.

ఇక్కడ దారి కలిసే ఉందని చెప్పే మల్టీమీటర్ బీప్‌ను నమ్మితే మునిగినట్టే. చాలా మీటర్లు 20 ఓమ్‌లున్నా కూస్తాయి. ప్యానెల్‌లో వాడే 5 వోల్టుల చిన్న బల్బులు (715 నంబరువి) 20 ఉంటే 2.3 ఆంపియర్లు లాగుతాయి. దారిలో 0.4 ఓమ్ ఉన్నా 0.9 వోల్టు అక్కడే పోయి, వెలుగు సగానికి పడుతుంది.

అందుకే దీపాలన్నీ పూర్తిగా వెలిగించి కొలవండి. మీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల ప్రోబ్ సప్లై మైనస్‌కు, ఎర్రది ప్యానెల్ లోహానికి ఆనించండి. 0.1 వోల్టు దాటితే గ్రౌండ్ పాడే.

పరిష్కారం: రూపాయి బిళ్లంత మేర 400 నంబర్ అల్యూమినియం ఆక్సైడ్ శాండ్‌పేపర్‌తో లోహం మెరిసేదాకా గీకండి. స్టీల్ ఊల్ వద్దు, ఇనుప రజను మిగిలి తుప్పు పడుతుంది. తగరం పూత ఉన్న రింగ్ లగ్ (వైరు చివర తొడిగే రింగు), స్టార్ వాషర్ (పళ్లున్న వాషర్) వేసి బిగించి, పైన రంగు అద్దండి. ప్రతి ప్యానెల్ నుంచీ 2.5 చదరపు మి.మీ. వైరును విడిగా ఒకే బస్‌బార్‌కు (వైర్లన్నీ కలిపే లోహపు పట్టీ) తెచ్చి, అక్కణ్ణించి సప్లై మైనస్‌కు కలపండి. ప్యానెల్ నుంచి ప్యానెల్‌కు గొలుసులా కలిపితే మళ్లీ మొదటికే వస్తుంది.

విమానం డిమ్మర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇంటి కరెంటు ఇవ్వకండి. అది 400 హెర్ట్జ్‌ది, 50 హెర్ట్జ్ మీద కాలిపోతుంది. 5 వోల్టుల డీసీ నేరుగా దీపాలకే ఇవ్వండి, ఫిలమెంటుకు తేడా ఏమీ లేదు.

సాకెట్ తుప్పు, గోడ వెనక తెగిన వైరు కూడా ఉంటాయి, అరుదుగా. గ్రౌండ్ సరిచేశాక ఒక్క దీపమే మసకగా మిగిలితే అప్పుడు చూసుకోండి.